కలావ్రితా కొండల్లో పోలిబియస్‌తో పేచీ

గ్రీస్‌లోని డియాకోఫ్తో స్టేషన్ ఎదుట కాఫీ కొట్టు పెద్దాయన, నేను కలావ్రితా వెళ్తున్నానని తెలిసి, "పైన చలి. మనుషులూ మొండివాళ్ళే" అన్నాడు. 22 కిలోమీటర్ల బుల్లి రైలుకి వాళ్ళు పెట్టిన టికెట్ ధర చూసి అప్పటికే నాకు ఒళ్ళు మండుతోంది. 1896 నాటి లైను. ఎత్తు ఎక్కువైన చోటల్లా మధ్యలో ఉన్న పళ్ళ పట్టాని కరుచుకుని వూరైకోస్ లోయలో పైకి పాకుతుంది. కిటికీ వదల్లేదనుకోండి, అది వేరే సంగతి.

పెద్దాయన మాట ఇవాళ్టిది కాదు. కలావ్రితా చుట్టుపక్కలే ఒకప్పుడు కినైథా అనే ఊరుండేది. ఆ ఊరున్న ఆర్కేడియా ప్రాంతపు జనం కరుకుగా ఉండడానికి అక్కడి చలీ, దిగులు పుట్టించే వాతావరణమూ కారణమని క్రీ.పూ. 2వ శతాబ్దంలో పోలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. ఆ కరుకుదనం విరగడానికే పెద్దలు సంగీతాన్ని తప్పనిసరి చేశారట. పసితనం నుంచి ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా సాధన. ఇంకేం రాదన్నా ఫర్వాలేదు, పాట రాదంటే పరువు తక్కువ! అందరికంటే ఎక్కువ చలి ఉన్న కినైథా వాళ్ళే పాట మానేసి ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారంటాడు. వాళ్ళ రాయబారులు వచ్చి వెళ్ళాక మాంటినియా అనే మరో ఊరి ప్రజలు తమ ఊరంతా శుద్ధి చేసుకున్నారట. పోలిబియస్‌ది ఆర్కేడియాలోని మెగలోపోలిస్. సొంత ప్రాంతం పరువు దక్కించుకోవడానికి ఒక్క ఊరి మీదికి పాపమంతా నెట్టాడని నా అనుమానం.

మాది అనంతపురం వైపు. "నీళ్ళు లేని నేల కదా, అందుకే మీకు కోపాలెక్కువ" అని హైదరాబాద్‌లో ఎంతమంది తేల్చారో! అన్నమయ్యదీ ఆ సీమే అంటే మాట మార్చేస్తారు.

కలావ్రితాలో స్వెటర్ లేకుండా వణుకుతున్న నన్ను హోటలావిడ పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా చిక్కుడు గింజల సూప్ మళ్ళీ పోసింది. బిల్లులో ఒక్క గిన్నే వేసింది.

తర్వాత కాపీ అనే గుట్ట ఎక్కాను. 1943 డిసెంబర్ 13న జర్మన్ సైన్యం ఊళ్ళోని మగవాళ్ళనీ, ఎదిగిన మగపిల్లల్నీ అక్కడికి తోలుకొచ్చి కాల్చి చంపింది. బాఖ్, బీథోవెన్ పుట్టిన దేశపు సైన్యం! పాట రాకపోవడం వల్లే క్రూరత్వం అన్న పోలిబియస్ ఈ గుట్ట మీద ఏం చెప్తాడో అడగాలనిపించింది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ పెట్టి నిప్పంటించిన బడి ఇప్పుడు మ్యూజియం. లోపలివాళ్ళు ఎలాగో బయటపడ్డారు. అది చూడ్డానికి పూట పడుతుంది, నేను సగంలోనే వచ్చేశాను. చివరి రైలు తప్పితే కిందికి టాక్సీ ఎంతవుతుందో హోటలావిడ ముందే చెప్పింది మరి.