వేపపూత రాలే వేళ

ఉద్యోగ విరమణ తరువాత నా ఉదయాలన్నీ పెరట్లోనే గడుస్తున్నాయి. మాఘం వెళ్లీ వెళ్లకముందే మా వేపచెట్టు ఆకు రాల్చడం మొదలుపెడుతుంది. ఫాల్గుణమంతా తెల్లవారుజామునే ఈనెల చీపురుతో ఊడ్చినా, కాఫీ తాగి వచ్చేసరికి నేల మళ్లీ పసుపుపచ్చగా పరుచుకొని ఉంటుంది. ఆ పని నాకు ఎన్నడూ విసుగనిపించలేదు. రాలిన ఆకును తగులబెట్టకుండా మూలనున్న ఎరువు గుంతలో వేసి పైన పేడనీళ్లు చల్లుతూ, భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలోని 26వ శ్లోకాన్ని మనసులో చదువుకోవడం నాకు అలవాటయింది.

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

ఆకు గాని, పువ్వు గాని, పండు గాని, నీరు గాని భక్తితో సమర్పించిన శుద్ధమనస్కుని కానుకను తాను ఆరగిస్తానని స్వామి మాట. చిన్ననాటి నుంచి వల్లిస్తున్న ఈ శ్లోకంలోని వరుసను నేను పెరట్లో దిగాకనే గమనించాను. స్వామి చివర చెప్పిన తోయమే తోటపనిలో మొదటిది. పాదు తీసి నీళ్లు పోస్తేనే తక్కిన మూడూ వస్తాయి. ఆ నీటిని ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా సేవలో భాగమేనని నాకు మల్లెపొద నేర్పింది. పుష్యమాసంలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత ఎరువు వేసి తడిపితే, చైత్రంలో మా దేవుడి గూటికి సరిపడా మొగ్గలు వేస్తుంది.

ఉగాది నాడు ఈ నాలుగూ ఒకే గుమ్మం ముందు కలుస్తాయి. తోరణానికి మామిడాకు పత్రం, పచ్చడికి వేపపువ్వు పుష్పం, పులుపుకు మామిడికాయ ఫలం, వీటన్నిటినీ కలిపే చింతపండు రసంలో తోయం. ఉగాది పచ్చడిని నివేదించే ప్రతి ఇల్లూ ఆ శ్లోకాన్ని చేతులతో చదువుతున్నట్లే నాకు తోస్తుంది.

అయితే చెట్టు పంచాంగం చూసి పూయదు. 2024లో క్రోధి నామ ఉగాది ఏప్రిల్ 9న వచ్చినప్పుడు, ముందురోజు రాత్రి చెట్టు కింద పాత పంచె పరిస్తే ఉదయానికి దాని నిండా పూత రాలింది. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు చిన్నది కనుక పండుగ ఏటేటా ముందుకు జరిగి, 2026లో పరాభవ ఉగాది మార్చి 19నే వచ్చింది. ఆనాటికి మా చెట్టు ఇంకా మొగ్గ మీదే ఉన్నందున, దొరికిన నాలుగు రెబ్బల మొగ్గలనే నా శ్రీమతి పచ్చడిలో కలిపి నివేదించింది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం రావడంతో వచ్చే ఉగాది మళ్లీ ఏప్రిల్‌కు మారుతుంది. ఋతువును, తిథిని ఒకచోటికి చేర్చే మన పెద్దల గణితానికి చెట్టు కింద నిలబడి నమస్కరించాలనిపిస్తుంది.

గునపం పట్టినప్పుడల్లా నాకు తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపం గుర్తుకొస్తుంది. రామానుజుల ఆనతితో కొండకు వచ్చి శ్రీవారికి పూలతోట పెంచిన అనంతాళ్వాన్ వాడినదది. ఆయన తోట కోసం చెరువు తవ్వుతుండగా, నిండు చూలాలైన భార్య మట్టి మోస్తుంటే స్వామి బాలుడై ఆమెకు సాయపడ్డాడట. తమ కైంకర్యంలో మరొకరు పాలుపంచుకోవడం సహించలేక ఆయన విసిరిన గునపం బాలుడి గడ్డానికి తగిలిందని, అందుకే నేటికీ శ్రీవారి చుబుకానికి పచ్చకర్పూరం అద్దుతారని పెద్దలు చెబుతారు. ఈ కథ తెలిసిన నాటి నుంచి పక్కింటి పిల్లవాడు వచ్చి ‘తాతగారూ, ఆ గంప నేను ఎత్తనా’ అని అడిగితే నేను కాదనలేదు. అతడు వెళ్లేటప్పుడు దోసిట్లో రెండు మందారాలు పెట్టి పంపుతాను.

శ్రీరామనవమి నాటికి వేప విరగబూసింది. చారులోకి ఏడాదంతా సరిపడేంత పువ్వును నా శ్రీమతి నీడలో ఆరబెట్టింది. ఈ ఉదయం పెరడంతా ఊడ్చాను గాని, తులసికోట మీద రాలిన పూతను మాత్రం అలాగే ఉంచాను.