క్రాస్ స్లైడ్‌కి కొత్త డయల్: మూడు ఆదివారాల పని

నా మినీ లేతు క్రాస్ స్లైడ్ (కోసే టూల్‌ని తిరిగే ముక్క వైపు జరిపే భాగం) డయల్‌తో ఏడాదిగా తిప్పలే. స్క్రూ పిచ్, అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి టూల్ జరిగేది, 1 మి.మీ., డయల్ మీద 40 గీతలు. గీతకి 0.025 మి.మీ., రెండు పక్కలా తెగుతుంది కాబట్టి జాబ్ (తిప్పే ముక్క) వ్యాసంలో అయితే 0.05 పోతుంది. ఇంకా 0.37 తియ్యాలంటే ఏడు గీతలు, ఆపైన సగానికి కాస్త తక్కువ. జాబ్‌ని పట్టుకునే చక్ తిరుగుతుండగా బుర్రలో ఈ లెక్క తప్పి, పోయిన నెల 6202 బేరింగ్ కోసం తిప్పిన 15 మి.మీ. షాఫ్ట్ స్క్రాప్ డబ్బాలో పడింది. (ఈ రకం లేతుల్లో కొన్నింటికి ఇదే డయల్ మీద గీతకి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అని వేసి అమ్ముతారు. 40 థౌ అంటే 1.016 మి.మీ., స్క్రూ జరిగేది 1 మి.మీ. నాది ఆ అబద్ధమైతే చెప్పదు.)

మొదటి ఆదివారం. బాలానగర్‌లో తూకానికి తెచ్చిన అల్యూమినియం ముక్కని మాండ్రెల్ (మధ్య రంధ్రంలో దూర్చే కడ్డీ) మీద 60 మి.మీ.కి తిప్పాను. పాత డయల్ వ్యాసం 30. గీతకి వ్యాసంలో 0.02 రావాలంటే 100 గీతలు కావాలి. అవి దాని మీద వేస్తే మధ్య ఎడం 0.94 మి.మీ., నా కళ్ళకి ఆనదు. 60 మీద 1.88 వస్తుంది.

చుట్టూ సమాన భాగాలు చేసే డివైడింగ్ హెడ్ లేదు. స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) వెనక 50 పళ్ళ చేంజ్ గేర్ బిగించి, పళ్ళ సందులో పడేలా స్ప్రింగ్ ముల్లు పెట్టాను. 50 గీతలకి ఇది చాలు. మిగతా 50కి ముల్లు అర పన్ను జరగాలి. కంటి అంచనాతో జరిపి తుక్కు ముక్క మీద గీసి చూస్తే గీతలు జంటలు జంటలుగా పడ్డాయి. టీ తాగుతుంటే వెలిగింది: 50లో నాలుగో వంతు పన్నెండున్నర! పైనున్న ముల్లుని మట్టం పెట్టి సరిగ్గా 90 డిగ్రీలు పక్కకి మారిస్తే అర పన్ను తేడా దానంతటదే వస్తుంది.

గీతలకి థ్రెడింగ్ టూల్‌ని పక్కకి పడుకోబెట్టి, మోటారు ప్లగ్గు పీకేసి, టూల్‌ని మోసే క్యారేజ్‌ని చేత్తో నడిపాను. లోతు 0.2. మామూలు గీత 4 మి.మీ., ఐదోది 6, పదోది 8.

రెండో ఆదివారం. అంకెలు వ్యాసం లెక్కలోనే ఉండాలి. అందుకని పదేసి గీతలకి 0, 2, 4 అలా 18 వరకు. ఒక అంకె దాటితే వ్యాసంలో 0.2. నంబర్ పంచ్‌లు తీసుకుని గడియారంలాగా కుడివైపు కొట్టుకుంటూ పోయాను. 6 కొట్టాక చెయ్యి ఆగింది. హ్యాండిల్ కుడికి తిప్పితే కదలని జీరో గుర్తు కిందకి వచ్చేది ఎడమ పక్క గీత కదా! అంకెలు ఎడమకి పెరగాలి. ఆ నాలుగూ చెరిగేదాకా 0.6 తిప్పి, నూరు గీతలూ మళ్ళీ వేశాను. సాయంత్రం అందుకే పోయింది. ఈసారి పంచ్ ఒరగకుండా ఇనప గైడ్ ముక్క కూడా చేసుకున్నాను.

మూడో ఆదివారం. నల్ల ఎనామెల్ రుద్ది, ఆరాక సన్న ఎమెరీతో పైపైన తుడిచాను. జీరో జరుపుకోవడానికి పాత స్ప్రింగ్ రేకు బదులు లోపల గాడి తీసి ఓ-రింగ్ వేశాను. వేలితో తిప్పితే బిగువుగా కదులుతుంది, కోత అదురుకి జారదు.

డయల్ గేజ్ పెట్టి చూస్తే ఐదు చుట్లకి 5.00. బ్యాక్‌లాష్ (తిప్పే దిశ మారిస్తే స్క్రూ ఖాళీగా తిరిగే మేర) మాత్రం 0.15 అలాగే ఉంది, అది నట్టు సంగతి. ఎక్కువ పోతే ఒక చుట్టు వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకి రావాల్సిందే.

అదే 15 మి.మీ. షాఫ్ట్ మళ్ళీ తిప్పాను. 15.37 దగ్గర జీరో పెట్టి పద్దెనిమిదిన్నర గీతలు. మైక్రోమీటర్‌లో 15.01. బేరింగ్ రెండు తట్లకి కూర్చుంది.

క్రాస్ స్లైడ్ మీదుండే కాంపౌండ్ స్లైడ్‌కి డయల్ వచ్చే నెల. అంకెలు ఎటు పెరగాలో ముక్క మీద పెన్సిల్‌తో బాణం గీసి పెట్టాను.