తీగకు తగలని కమాను: నగరానికి మారడంపై నా అనుభవం

నిన్న రాత్రి టికెట్ తీసుకున్నాను. వచ్చే నెల మొదటి వారంలో ప్రయాణం. ఏడాదిన్నరగా వెళ్లాలా వద్దా అని నలిగిపోయిన విషయం ఇది. టెన్షన్ దిగింది గానీ కోపం ఇంకా దిగలేదు. అది చల్లారకముందే రాసేయాలనిపించింది.

నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను. 8వ ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు 23. ఉన్న ఊళ్లో పక్కవాద్యానికి పిలుపు నెలకు ఒకటో రెండో. 11 మంది పిల్లలకు పాఠం చెబుతాను. నగరంలో కచేరీలూ ఎక్కువే, పైగా స్టూడియో పని ఉంటుంది. పైసా రాకపోయినా 6 నెలలు గడిచేంత దాచుకున్నాను. పిల్లల పాఠాలు వీడియో కాల్‌లో కొనసాగించడానికి వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. మాస్టారు వెళ్లి రమ్మన్నారు. ఇవన్నీ తేలిగ్గానే అయిపోయాయి.

ఇంట్లో మాత్రం ఆర్నెల్లు వాదన నడిచింది. బావగారికి నేను ఎప్పుడు కనపడినా ఒకటే మాట: "ఘంటసాల గారు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లలేదా? ఇంటింటా మధుకరం (అన్నం భిక్ష) ఎత్తుకుని సంగీతం నేర్చుకోలేదా? నీకేం తక్కువ?" పెద్దనాన్న దగ్గర దానికి సమాధానం సిద్ధంగా ఉండేది: "త్యాగరాజ స్వామి తిరువయ్యారు వదిలి ఎక్కడికి వెళ్లారు? ప్రపంచమే ఆయన దగ్గరికి వచ్చింది." ఇద్దరూ నా మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఈ కథలు చెప్పి పిల్లల్ని ముందుకో వెనక్కో నెట్టడం తప్పు అని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఘంటసాల వెళ్లింది సంగీత కళాశాల కోసం. 1792లో 21 ఏళ్ల జర్మన్ సంగీతకర్త బీథోవెన్ సొంత ఊరు బాన్ నుంచి వియన్నా వెళ్లింది హైడెన్ అనే పేరున్న సంగీతకర్త దగ్గర పాఠం కోసం, అదీ సొంత ఊరి పాలకుడు జీతం ఇస్తూ పంపితే. వాళ్లకు ఫలానా గుమ్మం ఎక్కాలని తెలుసు. నాకు తెలిసింది నగరం పేరు ఒక్కటే. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, స్టూడియోలో తెలిసింది.

రెండు వారాలు ఉండి చూద్దామని వెళ్లాను. నాలుగో రోజున ఒక కోఆర్డినేటర్, అంటే స్టూడియోలకు వాద్యకారుల్ని కుదిర్చే మనిషి, ఫోన్ చేశాడు. "చూడమ్మా, రేపు పది గంటలకు వయొలిన్ సెషన్, వచ్చేయ్" అన్నాడు. ఏ శృతి అని అడిగితే "అక్కడ చెప్తారులే" అని పెట్టేశాడు. రాత్రంతా సాధన చేశాను. రాగం ఏదైనా ఇవ్వనీ, ఆలాపన అందుకుంటానని నా ధైర్యం. కింద కూర్చోవడానికి చాప కూడా పట్టుకెళ్లాను.

లోపల 8 కుర్చీలు, 4 స్టాండ్లు, ఇద్దరికి ఒక స్టాండ్. అందరూ వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని ఉన్నారు. నాకు మూడో స్టాండ్‌లో లోపలివైపు కుర్చీ చూపించారు. నేను పదిహేనేళ్లుగా వాయిద్యం తలను కుడికాలి మడమ మీద ఆనించి, రెండో కొసను ఎదకు ఆనించి వాయించిన మనిషిని. కుర్చీలో అది నిలవదు. జారిపోకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటే ఆ చేతివేళ్లు కదలవు.

తర్వాత "440కి కలపండి" అన్నారు, అంటే పాశ్చాత్య సంగీతంలో A అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు పెట్టి తీగలన్నీ దానికి సరిచేయాలి. మన తీగలు స-ప-స-ప. రెండో తీగకూ మూడో తీగకూ మధ్య దూరం మధ్యమమే, అంటే స నుంచి మ దాకా ఉన్నంత. వాళ్లకు ప్రతి తీగకూ పక్క తీగకూ మధ్య పంచమం, అంటే స నుంచి ప దాకా. పైగా నేను కచేరీ కోసం రెండున్నర శృతికి (పాడేవారి 'స' ఉండే స్థాయికి) దించి కట్టుకుని ఉన్నాను. అందరూ చూస్తుండగా బిరడాలు తిప్పుతూ పోతే సన్న తీగ ఠప్పున తెగింది. కొత్త తీగ వేసేదాకా అందరూ ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది.

స్టాండ్ మీద కాగితం ఉంది. ఐదు గీతలు, చుక్కలు, పాశ్చాత్య స్వరలిపి. నాకు స్వరం చూసి వాయించడం వచ్చు, కానీ అది సరిగమలు రాసిన స్వరం. మన 'స' పాడేవారి గొంతును బట్టి మారుతుంది. అక్కడ చుక్క ఏ గీత మీద ఉంటే ఆ స్థాయే, ఎవరి కోసమూ కదలదు. పక్కన కూర్చున్న పెద్దాయనకు నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది. "నన్ను చూసి వాయించమ్మా" అని మెల్లగా అన్నారు.

హెడ్‌ఫోన్స్‌లో వేగం చూపించే క్లిక్ టక్ టక్ మని మొదలైంది. 16 బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటి కొలతలు) ఖాళీ, 17వ బార్‌లో అందరూ ఒక్కసారి ఎత్తుకోవాలి. మనకు అలవాటు వేరు. పాడేవారు ఎత్తుకుంటే చెవి దారి చూపిస్తుంది, నీడలా వెంట వెళ్తాం. లెక్క తప్పుతుందనుకుంటే చేత్తో తాళం వేసుకుంటాం. ఇక్కడ వెంట వెళ్లడానికి ఎవరూ పాడటం లేదు, తాళం వేయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక బార్ ముందే ఎత్తేశాను. ఏడుగురూ కమాను గాల్లో పెట్టుకుని ఉంటే, నా ఒక్క తీగ మోగింది.

మూడు టేకుల్లోనూ అదే జరిగింది. మైకులోంచి గొంతు వచ్చింది: "మూడో స్టాండ్ లోపలివైపు, మీరు వాయించకండి." నేను లేవబోయాను. మేకింగ్ వీడియో తీస్తున్నారట, కుర్చీ ఖాళీగా కనపడకూడదట. "కూర్చోండి. కమాను కదపండి చాలు, తీగకు తగలనివ్వకండి."

నాలుగు గంటలు. తీగలకు అర అంగుళం పైన కమానును ఆడిస్తూ కూర్చున్నాను. పక్కవాళ్ల కమాను ఎటు వెళ్తే అటు. వయొలిన్ చేతిలో ఉండి శబ్దం చేయకూడని స్థితి నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఏడుపు ఆపుకోవడానికి పెద్దాయన పెన్సిల్‌తో వేసిన గుర్తుల్నే చూస్తూ ఉండిపోయాను. ఖాళీ బార్ల మీద 4, 8, 12 అని చిన్న అంకెలు. ఎత్తుకునే చోట కళ్లద్దాల బొమ్మ, అంటే జాగ్రత్తగా చూడు అని. బయటికి వచ్చాక ఆయన "నీకు వాయించడం వచ్చమ్మా, వీళ్లకు కావలసింది చదవడం. అది ఆర్నెల్ల పని" అన్నారు.

ఆ కోఆర్డినేటర్‌ను నేను క్షమించను. చదవడం వచ్చా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. చెప్పిన డబ్బులో సగమే ఇచ్చాడు, అదీ రెండు నెలలకు. ఇలా ఎవరైనా పిలిస్తే, రాసిన స్వరమా సొంతంగా వాయించడమా, ఎన్ని గంటలు, డబ్బు ఎప్పుడు అనేది మెసేజ్‌లో రాసి పంపమనండి. పంపకపోతే వెళ్లకండి. అవకాశం పోతుందని భయపెడతారు, పోనివ్వండి.

మర్నాడే తిరిగి వచ్చేశాను. నెల రోజులు నగరం మాట ఎత్తలేదు. మన పద్ధతిని తక్కువ చేశారనే బాధ. అప్పుడు మాస్టారు బాలుస్వామి దీక్షితార్ సంగతి చెప్పారు. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు, వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చిన మనిషి. ఐరోపా సంగీతజ్ఞుడి దగ్గర కూర్చుని ఆ వాయిద్యం నేర్చుకున్నారు. "ఆయన నేర్చుకోబట్టే నీ చేతిలో వయొలిన్ ఉంది, నీకు ఆ గీతలు నేర్చుకోవడం నామోషీ ఎందుకు?" అన్నారు. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

రోజూ గంట. రెండో వయొలిన్ కొని 440కి కట్టి పక్కన పెట్టుకున్నాను, ఉన్నదాని శృతి మార్చే పని లేకుండా. గడ్డం కింద పట్టు కుదరడానికి మూడు నెలలు పట్టింది. రోజుకు ఒక పేజీ, ముందు చూడనిది, తప్పు వచ్చినా ఆగకుండా చివరిదాకా. ఖాళీ బార్లు మాత్రం పాదం వేళ్లతో లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. చతురస్ర, తిశ్ర నడకలు (నాలుగు, మూడు లెక్కలు) చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉండటం వల్ల క్లిక్ త్వరగానే లొంగింది. దీని గురించి గర్వంగానే చెబుతున్నాను, ఇప్పుడు నేను వేగంలో జారను.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి ముందే ఒక నియమం పెట్టుకున్నాను: మొదటిసారి ఎంతమంది పిలిచారో లెక్కలోకి రాదు, రెండోసారి పిలిచినవాళ్లే లెక్క. కొత్త ముఖాన్ని ఎవరైనా ఒకసారి పిలుస్తారు. మూడు చోట్ల వాయించాను. రెండు చోట్ల నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. అందులో ఒకటి ఆ పెద్దాయన చెప్పి ఇప్పించింది. ఈసారి ఆయన పక్కన కూర్చుని 24 బార్లు నేనే లెక్కపెట్టాను. ఆయన కాగితం వైపు చూడకుండా నా కాలి వైపు చూసి ఎత్తుకున్నారు.

గది సంగతి ఒక్కమాట. ఇద్దరు ఓనర్లు వయొలిన్ పెట్టె చూసి కాదన్నారు. మూడో ఇంట్లో తీగల్ని మోసే బ్రిడ్జి మీద, శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ పెట్టి వాయించి చూపించాను, ఒప్పుకున్నారు. మ్యూట్‌తోనే ఎప్పుడూ సాధన చేయకండి, నాదం చచ్చిపోయినా మనకు తెలియదు. రోజులో ఒక గంటైనా తీసేసి వాయించే చోటు చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

రెండు వయొలిన్లూ సర్దేశాను. మెత్తటి పెన్సిళ్లు నాలుగు, విడి తీగలు రెండు సెట్లు. చాప కూడా పెట్టుకున్నాను. వెళ్లిన రెండో ఆదివారం ఒక చిన్న కచేరీకి పక్కవాద్యం ఉంది, రెండున్నర శృతి.