అంగుళం సెన్సర్‌లో అంగుళం ఎక్కడ ఉంది? నా అనుభవం

కెమెరా సెన్సర్ (లెన్స్ గుండా వచ్చిన వెలుగును ఫొటోగా మార్చే పలక) సైజు విషయంలో నాకున్న గందరగోళం మొన్న ఆదివారంతో తీరింది. తీరిందన్న ఊరట కంటే, ఒక్క వాక్యంలో చెప్పగలిగిన సంగతిని ఎవరూ చెప్పకపోవడం వల్ల నాలుగు నెలలు పోయాయన్న బాధే ఎక్కువగా ఉంది కాబట్టి, ఆ వేడి చల్లారకముందే రాసిపెడుతున్నాను.

ఫొటోగ్రఫీ తరగతిలో చేరాక అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం సైజు), షట్టర్ స్పీడ్ (వెలుగు పడే సమయం), ఐఎస్ఓ (పడిన వెలుగును ఎంత పెంచి చూపాలన్న అమరిక) అనే మూడూ రెండు వారాల్లో వంటబట్టాయి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మిల్లీమీటర్లని, అది పాత 35 ఎం.ఎం. ఫిల్ము ఫ్రేము కొలతేనని, ఏపీఎస్-సి అనే మరో రకం సెన్సర్ అంతకంటే చిన్నదని తెలుసుకోవడానికి ఒక్క సాయంత్రం చాలింది. అక్కడిదాకా నల్లేరు మీద బండి నడకే.

చిక్కంతా నా కెమెరా దగ్గరే వచ్చింది. అది జేబులో పట్టే చిన్న కెమెరా. దాని పెట్టె మీద పెద్ద అక్షరాలతో '1 అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెల్' అని ఉంది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. మా ఫొటోగ్రఫీ తరగతిలో చాలామంది దగ్గరున్న ఏపీఎస్-సి కెమెరాల్లో సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ., కొన్నింటిలో 22.3 మి.మీ. మాత్రమే. కాబట్టి నా సెన్సరే కాస్త పెద్దదని లెక్క కట్టుకున్నాను. బడిలో నేర్చిన కొలతలను నమ్మేవారెవరైనా అదే లెక్క కడతారు.

తక్కువ వెలుతురులో ఫొటోలు తీసే పాఠం జరిగిన రోజున, టేబుల్ ల్యాంపు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, మా మాష్టారు అందరినీ ఎఫ్/2.8 అపర్చర్, సెకనులో 60వ వంతు షట్టర్, ఐఎస్ఓ 3200 పెట్టి తీయమన్నారు. తర్వాత ఆ ఫొటోలను తెర మీద వేశారు. నా ఫొటోలో నీడపడిన చెంప మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ఇసుక చల్లినట్టు పరుచుకుని ఉన్నాయి. వీటినే నాయిస్ అంటారు. పక్కన కూర్చున్న అమ్మాయి ఏపీఎస్-సి కెమెరాతో తీసిన ఫొటోలో అదే చెంప నున్నగా ఉంది, కనుబొమ్మ వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. నేను లేచి, "సార్, నా సెన్సర్ వీళ్లవాటికంటే పెద్దది కదా, మరి నాయిస్ ఇంత ఎక్కువ ఎందుకొచ్చింది?" అని అడిగాను. ఎంత పెద్దదని ఆయన అడిగారు. "ఒక అంగుళం సార్, అంటే 25.4 మిల్లీమీటర్లు" అన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వాక తరగతంతా నవ్వింది. "ముందు స్పెసిఫికేషన్లు చదవడం నేర్చుకో, ప్రశ్నలు తర్వాత అడుగుదువుగాని" అని తర్వాతి ఫొటోకు వెళ్లిపోయారు.

ఆ రోజు మిగిలిన పాఠం నా చెవికి ఎక్కలేదు. నా లెక్కలో తప్పు లేదు, పెట్టె మీది మాటలోనే తప్పుంది. అది తెలిసిన మనిషి, ఆ మాట చెప్పడానికి పట్టే పది సెకన్లు నవ్వడానికి వాడుకున్నారు. చదువు చెప్పడానికి కూర్చున్నవారు ప్రశ్న అడిగినవారిని నవ్వులపాలు చేస్తే, ఆ గదిలో ఇంకెవరూ నోరు తెరవరు. నిజంగానే ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ ఏమీ అడగలేదు. కెమెరా అమ్మినవారి దగ్గరికి వెళ్తే, "సైజుదేముందండీ, మెగాపిక్సెల్స్ చూసుకోండి" అన్నారు. ఆ సలహా ఎవరిచ్చినా నమ్మవద్దు.

చివరకు ఆదివారం కెమెరా పుస్తకం ఆఖరి పుటల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో 13.2×8.8 మి.మీ. అని కనిపించింది. అచ్చు తప్పేమో అనుకున్నాను. గ్రాఫ్ కాగితం తీసుకుని ఆ కొలతతో దీర్ఘచతురస్రం గీసి, మూల నుంచి మూలకు స్కేలు పెడితే 16 మి.మీ.కు వెంట్రుకవాసి తక్కువగా వచ్చింది. వెడల్పు, ఎత్తు, కర్ణం, ఏదీ అంగుళం కాదు.

అప్పుడు కారణం వెతికాను. సెన్సర్లు రాకముందు టెలివిజన్ కెమెరాల్లో విడికాన్ అనే గాజు గొట్టాలు ఉండేవి. వాటిని గొట్టం బయటి వ్యాసంతో పిలిచేవారు. అంగుళం గొట్టం లోపల బొమ్మ పడే చోటు కర్ణం సుమారు 16 మి.మీ. మాత్రమే. గొట్టాలు పోయాయి కానీ ఆ పిలుపు పోలేదు. అంత బొమ్మ పట్టే సెన్సర్‌ను ఇప్పటికీ అంగుళం సెన్సర్ అనే అమ్ముతున్నారు. చిన్న కెమెరాల్లో కనిపించే '1/2.3 అంగుళం' కూడా ఆ వంశానిదే. దాని అసలు కొలత సుమారు 6.2×4.6 మి.మీ., అంటే చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండదు. ఆ భాగహారాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి, వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులు తీసుకుంటే కర్ణం దాదాపుగా తెలుస్తుంది.

ఫుల్‌ఫ్రేమ్ కొలతతో ఒక ముక్క, నా సెన్సర్ కొలతతో కొన్ని ముక్కలు కత్తిరించి పేర్చి చూశాను. నిలువుగా నిలబెట్టినవి నాలుగు, వాటి కింద అడ్డంగా పడుకోబెట్టినవి రెండు, మొత్తం ఆరు పట్టి ఇంకా చోటు మిగిలింది. వైశాల్యంలో చూస్తే ఫుల్‌ఫ్రేమ్ 864 చదరపు మిల్లీమీటర్లు, ఏపీఎస్-సి 366, నాది 116. అపర్చర్, షట్టర్ ఒకటే అయినప్పుడు ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా ఒకే పాటి వెలుగు పడుతుంది కాబట్టి, ఆ అమ్మాయి కెమెరాకు అందిన మొత్తం వెలుగులో నా కెమెరాకు మూడో వంతుకు కాస్త తక్కువే అందింది. నా ఫొటోలోని చుక్కలకు ముఖ్యకారణం అదే.

పెట్టె మీద ఇంకో గడుసుతనం కూడా అప్పుడే కనిపించింది. లెన్స్ చుట్టూ దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 8.8 మి.మీ. అని చెక్కి ఉంటే, పెట్టె మీద 24 మి.మీ. అని ఉంది. క్రాప్ ఫ్యాక్టర్ (ఫుల్‌ఫ్రేమ్ కర్ణం ఈ సెన్సర్ కర్ణానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 2.7తో గుణించి, ఫుల్‌ఫ్రేమ్‌లో ఏ లెన్స్‌కు ఆ దృశ్యకోణం వస్తుందో చెప్పారు. అది సబబే. కానీ పక్కనే ఉన్న ఎఫ్/1.8ను మాత్రం గుణించలేదు. ఎక్స్‌పోజర్‌కు, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్న లెక్కకు, అది ఎఫ్/1.8 అన్న మాట నిజమే. వెనక దృశ్యం మసకబారే విషయంలో మాత్రం ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/4.9లాగే ఉంటుంది. కొనేవారు ఈ రెండో గుణకారం తామే చేసుకోవాలి, కొలతలు మిల్లీమీటర్లలో అడగాలి, చెప్పనివారి దగ్గర కొనకూడదు.

ఆ రాత్రే ఇంట్లో దీపం పక్కన ఒక మనిషిని కదలకుండా కూర్చోబెట్టి, కెమెరాను పుస్తకాల దొంతర మీద పెట్టి, అదే ఎఫ్/2.8తో మళ్లీ తీశాను. వైశాల్యం మూడో వంతే కాబట్టి సమయం నాలుగు రెట్లు ఇచ్చాను: సెకనులో 15వ వంతు షట్టర్, అందుకు తగ్గట్టు ఐఎస్ఓ నాలుగో వంతుకు తగ్గించి 800. చెంప నున్నగా వచ్చింది. కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.