నాలుగు తీగలు, రెండు రేవులు: ఏడు నెలల బేస్ లెక్క

మే నెలాఖరున రాజమండ్రి వెళ్ళి ఒక పాత బేస్ గిటార్ తెచ్చుకున్నాను. రూ.9,500. నాలుగు తీగలు, తీగల మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చే రెండు పికప్‌లు, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్. పన్నెండో ఫ్రెట్ (ఫింగర్‌బోర్డ్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర చిన్న దెబ్బ ఉంది కానీ వాయించడానికి అడ్డం రాదు. మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. పగలంతా రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాస్తాను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఒక గంట నాది. ఆదివారం మధ్యాహ్నం పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం వెళ్తే అక్కడ మా నలుగురి బ్యాచ్ ఉంటుంది.

బేస్ ఎందుకంటే, చిన్నప్పుడు మా వీధి చివర టీ కొట్టులో టేప్‌రికార్డర్ మీద ఇళయరాజా పాటలు వచ్చేవి. పాడేవాళ్ళ గొంతు కింద ఇంకో పాట నడుస్తున్నట్టు వినిపించేది. అది ఏ వాయిద్యమో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. తెలిశాక ఇంక వేరే దాని మీదకి మనసు పోలేదు.

జూన్

మొదటి రెండు వారాలూ ఎడమ చెయ్యి వాచింది. గిటార్ నేర్పే వీడియోల్లో చెప్పినట్టు ఫ్రెట్‌కి ఒక వేలు చొప్పున పెట్టి సాగదీశాను. కొలిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. మామూలు గిటార్‌లో నట్ (హెడ్ దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి ఫ్రెట్‌కి 36 మి.మీ. ఉంటే, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న బేస్‌లో అది దాదాపు 48 మి.మీ. మొదటి నాలుగు ఫ్రెట్లూ కలిపి ఏడు అంగుళాలు. నా చెయ్యి అంత పెద్దది కాదు.

మా బ్యాచ్‌కి పెద్దదిక్కు పాలకొల్లు అన్నయ్యగారు. చర్చిల్లో చాలా ఏళ్ళుగా బేస్ వాయిస్తున్నారు. నా చెయ్యి చూసి ఆపేశారు.

"అలా లాగకండి, నరం పడతాది. చిటికెన వేలూ ఉంగరం వేలూ కలిపి ఒకటే వేలనుకోండి. కింద ఫ్రెట్లలో చూపుడు, మధ్య, చిటికెన, ఈ మూడిటితోనే నడిపించండి. ఐదో ఫ్రెట్ దాటాక అప్పుడు నాలుగు వేళ్ళూ వాడుకోవచ్చు."

నిలబెట్టి వాయించే డబుల్ బేస్ వాళ్ళు ఎప్పటినుంచో వాడే పద్ధతేనట. పది రోజుల్లో వాపు పోయింది. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే: నొప్పి పుడితే సాధన చాలలేదని అనుకోవద్దు, చెయ్యి పెట్టే తీరు మార్చండి.

ట్యూనింగ్ దగ్గర ఇంకో చిన్న కిటుకు. హెడ్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ లావు తీగని సరిగా పట్టుకోదు, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది మరి. పన్నెండో ఫ్రెట్ మీద తీగని అదమకుండా వేలు ఆనించి మీటితే పై స్థాయిలో స్వరం పలుకుతుంది. దాన్ని ట్యూనర్ వెంటనే పట్టేస్తుంది.

జూలై

డబ్బు పోయిన నెల. ఒక షాపులో "దీనికి ఏ గిటారైనా పెట్టుకోవచ్చండి" అంటే నమ్మి పది వాట్ల చిన్న గిటార్ ఆంప్ (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) కొన్నాను. సౌండ్ చాలక వాల్యూమ్ పెంచుకుంటూ పోయాను. నాలుగో రోజుకి స్పీకర్‌లోంచి కాగితం చిరిగినట్టు బరబరా శబ్దం. విప్పి చూస్తే స్పీకర్‌లో కదిలే కాగితపు కోన్ అంచు నిజంగానే చిరిగింది. కింది స్వరాలు పలకాలంటే కోన్ చాలా దూరం ముందుకీ వెనక్కీ కదలాలి, గిటార్ స్పీకర్‌ని ఆ కదలికకి తయారు చెయ్యరు. అడిగితే వారంటీ వర్తించదన్నారు. చాలా బాధేసింది. ఆ డబ్బుతో రెండు సెట్ల మంచి తీగలు వచ్చేవి.

ఇంట్లో సాధనకి ఆంప్ అక్కర్లేదని తర్వాత తెలిసింది. చిన్న హెడ్‌ఫోన్ ఆంప్, చెవులు మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు చాలు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం బేస్ నేర్చుకోకండి. అంత చిన్న స్పీకర్ ఆ కింది స్వరాల్ని పలికించలేదు, పైన గోరు తగిలిన చప్పుడే వినిపిస్తుంది. నర్సాపురంలో రిహార్సల్‌కి కీబోర్డ్ మాస్టారి కీబోర్డ్ ఆంప్‌లో రెండో ఇన్‌పుట్ నాకిచ్చారు. కీబోర్డ్‌కీ ఎడమ చేతి వైపు కింది స్వరాలుంటాయి కాబట్టి ఆ స్పీకర్ తట్టుకుంటుంది.

అదే నెలలో ఇంట్లో గుయ్యిమని ఒకటే హమ్. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గేది, తీస్తే మళ్ళీ వచ్చేది. పికప్ పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి సాకెట్ విప్పి చూశాడు. మూడో కన్నానికి అసలు వైరే లేదు. కొత్తగా ఎర్త్ వైరు లాగి, గొయ్యిలో బొగ్గూ ఉప్పూ వేసి ఇచ్చాడు. హమ్ ముప్పాతిక వంతు పోయింది. మిగిలింది నా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉండే) పికప్‌లది. రెండు పికప్‌ల వాల్యూమూ సమానంగా తెరిస్తే అదీ అణుగుతుంది.

ఇది చదివేవాళ్ళలో మైకులో పాడుతూ వాయించేవాళ్ళుంటే ఒక మాట. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలి జిల్లుమంటే వెంటనే ఆపెయ్యండి. ఎక్కడో ఎర్త్ లేదని దాని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టే అలవాటు మన పందిళ్ళలో చాలా ఉంది. అది ప్రాణం మీదకి తెస్తుంది.

ఆగస్టు, సెప్టెంబర్

గోదారి ఎర్రబడింది. పంటు రెండు ఆదివారాలు ఆగిపోయింది. గోడలు చెమర్చే ఆ రోజుల్లో ఒక రాత్రి బేస్ తీస్తే తీగలు ఫ్రెట్ల మీద ఎత్తుగా ఉన్నాయి. నొక్కాలంటే బలం పెట్టాల్సి వస్తోంది. గాలిలో తేమకి చెక్క ఉబ్బి నెక్ వంగింది. నాలుగు తీగలూ కలిపి 70 కిలోలకి పైనే లాగుతుంటాయి. ఆ లాగుడుని ఎదురు లాగేది నెక్ లోపలుండే ఇనప కడ్డీ, ట్రస్ రాడ్.

దీన్ని సరిచెయ్యడం నాకు నేర్పింది మా డ్రమ్మర్ తమ్ముడు. బైక్ మెకానిక్ తను. ట్యాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే సన్న రేకుల కట్ట) జేబులో వేసుకొచ్చాడు. ఎలా చేశాడంటే: లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర నన్ను నొక్కమన్నాడు, చివరి ఫ్రెట్ దగ్గర మోచేత్తో తను నొక్కాడు. ఇప్పుడు తీగే స్కేలుబద్ద. మధ్యలో, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రేకులు ఒక్కొక్కటీ దూర్చాడు. 0.35 మి.మీ. రేకు వదులుగా దూరింది. 0.50 కూడా దూరింది. 0.60 దగ్గర తీగని కొంచెం కదిపింది. మాకు కావల్సింది 0.35 చుట్టుపక్కల. తీగలు కాస్త వదులు చేసి, ట్రస్ రాడ్‌కి ఎల్-కీ పెట్టి, కుడివైపుకి పావు చుట్టు. అంతే, అక్కడితో ఆపేశాడు.

"ఇంకొంచెం తిప్పవా?" అన్నాను.

"వద్దన్నయ్యా. చెక్క కదా, రేపటిదాకా టైమివ్వాలి. ఇంజనైతే ఇప్పుడే తిప్పేద్దును."

మర్నాడు కొలిస్తే 0.40. ఇంకో చిన్న తిప్పు, సరిపోయింది. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు చూసుకున్నాం: లావు తీగకి 2.5 మి.మీ., సన్న తీగకి 2. బ్రిడ్జిలో తీగల ఎత్తు మార్చే శాడిల్ స్క్రూలు సముద్రపు గాలికి తుప్పు పట్టి కదల్లేదు. కుట్టుమిషను నూనె అగ్గిపుల్ల కొనతో ఒక్కో చుక్క వేసి రాత్రంతా ఉంచాం. ఎల్-కీ తలకాయ అరిగిపోకుండా పొద్దున్న మెల్లగా వచ్చాయి. ఆ ఫీలర్ గేజ్ ఇప్పుడు మా అందరికీ ఒకటే. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ పంటు మీద తిరుగుతూ ఉంటుంది.

తీగల తుప్పు సంగతికి వస్తే, ఇక్కడ మాలో మాకే పెద్ద వాదన. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదనీ, ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడనీ మా గిటార్ కుర్రాడు ఎక్కడో చదివి వచ్చాడు. మనమెందుకు మార్చాలంటాడు. అన్నయ్యగారు ఒప్పుకోలేదు. జేమర్సన్‌వి ఫ్లాట్‌వౌండ్ తీగలు, పైన చుట్టు చదునుగా ఉంటుంది, చెమట దూరే సందులుండవు. మనవి రౌండ్‌వౌండ్. ఆ గాడుల్లో చెమటా ఉప్పుగాలీ కలిసి మూడు వారాలకే మోత చచ్చిపోతుంది. నేను అన్నయ్యగారి వైపే.

కొత్త సెట్టు రెండు వేల దాకా అవుతుంది, నెలనెలా కొనలేం. ఉడకబెట్టి చూశాను. రెండు రోజులు బాగా మోగాయి, తర్వాత తుప్పు ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు చేస్తున్నది వేరు. చెరువులకి పైపులేసే వాళ్ళ దగ్గర నాలుగడుగుల పొడవు, అంగుళం లావు పీవీసీ ముక్క తీసుకుని, ఒక చివర మూత గమ్ముతో అతికించాను. తీగలు నిలువుగా దించి, స్పిరిట్ పోసి, పై మూత బిగించి ఒక రాత్రి ఉంచుతాను. తీసేటప్పటికి స్పిరిట్ నల్లగా మారుతుంది. గుడ్డతో తుడిచి గంటసేపు ఆరనిస్తే సగానికి పైగా కొత్త మోత వస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, స్పిరిట్ భగ్గుమంటుంది. రోజూ వాయించాక ఒక్కో తీగకిందా పొడి గుడ్డ దూర్చి లాగితే మూడు వారాల తీగ రెండు నెలలు వస్తుంది. ఇది నా సొంత లెక్క, డైరీలో రాసుకున్నది.

అక్టోబర్

చేతులు కుదిరాక అసలు కష్టం శ్రుతి దగ్గర వచ్చింది. మా మాస్టారు అన్నీ తెల్లమెట్ల మీద వాయించి, పాడేవాళ్ళని బట్టి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తారు. మన శ్రుతుల లెక్కలో తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు, మధ్యలో నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, ఇలా. నాకు ఆ బటన్ లేదు, చెయ్యి జరపాలి. "ఐదున్నర పెట్టండి మాస్టారూ" అని పాడే అమ్మాయి అనగానే ఆయనకి ఒక్క క్షణం, నాకు గుండె దడ.

అన్నయ్యగారు అట్టముక్క మీద రాసిచ్చారు. లావు తీగ ఖాళీగా మోగితే మూడు శ్రుతి. ఒకటో ఫ్రెట్ నాలుగు, మూడో ఫ్రెట్ ఐదు, ఐదో ఫ్రెట్ ఆరు. దాని పక్క తీగ ఖాళీది ఆరు, మూడో ఫ్రెట్ ఒకటి, ఐదో ఫ్రెట్ రెండు. మగవాళ్ళు ఎక్కువగా అడిగే ఒకటిన్నరా, ఆడవాళ్ళు అడిగే ఐదున్నరా రెండూ నాలుగో ఫ్రెట్‌లోనే పక్కపక్క తీగల మీద ఉన్నాయి. ఇది చూశాక నా భయం సగం పోయింది.

రెండున్నర ఒక్కటీ పేచీ. ఖాళీ తీగ కంటే అరమెట్టు కింద ఉంటుంది కాబట్టి పక్క తీగ మీద ఆరో ఫ్రెట్‌కి ఎక్కాలి, గంభీరం పోతుంది. అందుకని నాలుగు తీగలూ అరమెట్టు దించి చూశాను. అప్పుడు ఖాళీ తీగలే రెండున్నర, ఐదున్నర, ఒకటిన్నర, నాలుగున్నర అయ్యాయి. మన శ్రుతులకి చేసి పెట్టినట్టుంది! కాకపోతే లాగుడు తగ్గి నెక్ నిటారై తీగలు ఫ్రెట్లకి గరగరా తగిలాయి. ట్రస్ రాడ్ ఎడమవైపుకి కొద్దిగా వదిలితే పోయింది. ఇప్పుడు అదే నా ట్యూనింగ్.

పంటు మీద ఒక పెద్దాయన నా వీపున సంచి చూసి, "ఏటండి బాబూ అది, ఈణా?" అన్నారు.

"కాదండి, బేసు గిటారండి."

"ఆయ్, గిటారుకి ఆరు తీగలు గదండి?"

"దీనికి నాలుగేనండి. లావుగా ఉంటాయి. డోలు దెబ్బకీ పాటకీ మధ్య నడుస్తాదండి." జిప్ తీసి చూపించాను. లావు తీగని బొటనవేలితో ఒకసారి లాగి, చెక్కకి చెవి ఆనించి, అది పూర్తిగా ఆగేదాకా విన్నారు.

నవంబర్, డిసెంబర్

సెమీ క్రిస్మస్ ప్రోగ్రాం ఒప్పుకున్నాం. సిక్స్ ఎయిట్ తాళం పాటలే ఎక్కువ. నేను స్వరాలు ఎక్కువ వేస్తున్నానని తమ్ముడికి అభ్యంతరం. "నా కాలు చూడన్నయ్యా, కిక్ పడినప్పుడే నువ్వు పడు" అన్నాడు. ఒక ఆదివారం మొత్తం మిగతా ఇద్దర్నీ కూర్చోబెట్టి మేమిద్దరమే వాయించాం, అతను కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక్కటీ, నేను ఒక్క స్వరం. స్వరం మొదలెట్టడం కంటే ఆపడం కష్టమని ఆ రోజు తెలిసింది. కుడి బొటనవేలు లావు తీగ మీద ఆనించి, ఎడమ చేతి వేలు కొంచెం పైకి లేపి స్నేర్ డ్రమ్ దెబ్బకి ముందే స్వరాన్ని నొక్కెయ్యాలి. ఆ ఖాళీ కుదిరాక తమ్ముడు కర్రలు కింద పెట్టేసి నవ్వాడు.

ప్రోగ్రాం రోజు సౌండ్ సిస్టమ్ వాళ్ళు నా బేస్‌ని పొడుగాటి మామూలు కేబుల్‌తో మిక్సర్‌కి కలిపారు. అంత దూరానికి స్వరం మొద్దుబారింది, పైగా జనరేటర్ రొద అందులోకి ఎక్కింది. అన్నయ్యగారు ఆ రోజు మాతో వాయించడంలేదు, వినడానికే వచ్చారు. అయినా సంచిలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మైకు లైనుకి సరిపడేలా మార్చే డబ్బా) తెచ్చారు. బేస్ నుంచి మూరెడు కేబుల్ దానికి, అక్కణ్ణుంచి మైకు కేబుల్ మిక్సర్‌కి. దాని మీద సౌండ్ కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కగానే రొద ఆగింది. మీదగ్గర ఆంప్ లేకపోయినా ఇదొక్కటీ కొనుక్కోండి.

పదకొండు పాటలు వాయించాం. రెండు చోట్ల తప్పాను, రెండూ శ్రుతి మారిన చోట్లే. చివరి పాటలో నాకూ కిక్‌కీ తేడా తెలియలేదు.

కిందకి దిగాక మొగల్తూరు నుంచి వచ్చిన ఇంటర్ కుర్రాడొకడు వెంటపడ్డాడు. వాళ్ళ మావయ్య బేస్ ఇంట్లో ఉందట, తీగలు పూర్తిగా తుప్పట. వచ్చే ఆదివారం తెమ్మన్నాను. పైపులో నా పాత సెట్టు నానబెట్టి ఉంచాను. ఫీలర్ గేజ్ ఇప్పుడు అన్నయ్యగారి దగ్గరుంది, శనివారం లోపు పాలకొల్లు ఫోన్ చెయ్యాలి.