బావ లారీకి డబ్బా

"ఆగవయ్యా! ఆ గీత మీద కోశావంటే స్పీకర్ లోపల పడుతుంది" అని వడ్లాయన అరిస్తే గానీ నేను మిషన్ ఆపలేదు.

12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) కదా అని 12 అంగుళాల గుండ్రమే గీశాను. కోయాల్సింది 11 చిల్లరట. ఆ కొలత అట్టపెట్టెలోని కాగితం మీదే ఉంది. ఆ కాగితం మీద పొద్దున నేను మిర్చి బజ్జీలు పెట్టుకుని తిన్నాను.

డబ్బా 40, 40, 25 సెంటీమీటర్లు. 40 లీటర్లని సంబరపడ్డా. 18 మిల్లీమీటర్ల చెక్క మందం అన్ని వైపులా తీసేస్తే లోపల మిగిలింది 28! గాలి బయటికి పోని సీల్డ్ డబ్బాకి అది చాలన్నాడు వడ్లాయన, బతికిపోయా.

కరెంటు సంగతి మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాం. లారీలో 24 వోల్టులు, ఆంప్లిఫయర్‌కి 12. మధ్యలో కన్వర్టర్ పెట్టాడు.

సాయంత్రం హన్మకొండలో ఇంటి ముందే క్యాబిన్‌లో బిగించి, పాట పెట్టి, గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూద్దామని అతుకుల దగ్గర అగరుబత్తి తిప్పాం. మూడు మూలల్లో పొగ నిటారుగా లేచింది. నాలుగో మూల దగ్గర మాత్రం బీటు పడ్డప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. అక్కడ మళ్లీ సిలికాన్.

బావ సౌండ్ పెంచాడు. డబ్బా గమ్మున ఉంది. డాష్‌బోర్డు మీద సమ్మక్క సారలమ్మ ఫొటో ఫ్రేమే గలగలమంటోంది.

"రేపు దాని కింద స్పాంజి పెట్టురా" అన్నాడు. ములుగు రోడ్డు ఎక్కేదాకా నన్ను వదిలేలా లేడు.