అండమాన్‌లో చలికాలం గడపడం: నా అనుభవం

ఆదిలాబాద్ చలి ఎలా ఉంటుందో అక్కడ ఒక్క సంక్రాంతి గడిపినవారికి తెలుసు. నా భార్యకు ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. నేను తపాలా శాఖలో పదవీ విరమణ చేసిన ఏడాది, ఆ చలికి ఆమె వరుసగా మూడు రాత్రులు మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. సంగతి తెలిసి నా బావమరిది పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫోన్ చేసి, "బావగారూ, చలి తగ్గేదాకా అక్కను ఇక్కడ ఉంచండి" అన్నాడు. శ్రీకాకుళం తీరం నుంచి బతుకుతెరువు కోసం అండమాన్ వెళ్లి స్థిరపడిన వేలాదిమంది తెలుగువారిలో అతనూ ఒకడు. వారిలో చాలామంది ఉండే జంగ్లీఘాట్‌లోనే అతని ఇల్లు. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు గానీ, మా ఇంట్లో ఇంకా పాత పేరే నలుగుతోంది.

మా డాక్టరు గారు ఒక మాట ముందే చెప్పారు: చలిగాలి వల్ల వచ్చే ఆయాసం అక్కడ తగ్గవచ్చు, కానీ అక్కడి తేమ ఆమెకు పడుతుందో లేదో వెళ్లి చూస్తే తప్ప తెలియదని. ఆ మాటను నేను తగినంతగా పట్టించుకోలేదు. చలి మొదలుకాక ముందే చేరిపోవాలన్న తొందరలో, నవంబరు మొదటి వారంలోనే విశాఖపట్నంలో ఓడ ఎక్కాము. రెండు రోజులకు పైగా సముద్రం మీదే ప్రయాణం. ఆ నెలలో బంగాళాఖాతం నెమ్మదిగా ఉండదు.

అక్కడికి చేరాక అర్థమైంది, మనకు చలి మొదలయ్యే ఆ రోజుల్లో ద్వీపాలకు ఈశాన్య రుతుపవనాలు ఇంకా వదలవని. మేము అద్దెకు తీసుకున్న కింది వాటాలో బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. పదిహేనో రోజున బీరువాను కాస్త ముందుకు జరిపి చూస్తే, వెనక గోడ నిండా నల్లటి బూజు, అరచేయి వెడల్పు మచ్చలుగా పట్టి ఉంది. ఏ ఆయాసం నుంచి తప్పించుకోవాలని సముద్రం దాటి వచ్చామో అదే ఆయాసంతో ఆ రాత్రి ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి, నెబ్యులైజర్ పెట్టించి, తెల్లవారుజామున తిరిగి వచ్చాము. ఆ తప్పు పూర్తిగా నాదే. నవంబరులోనే బయలుదేరాలనుకునేవారికి ఇది చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

డిసెంబరు మూడో వారానికి వానలు వెనుకబట్టాయి. అప్పటికి రెండు వైపులా కిటికీలున్న మొదటి అంతస్తు వాటాలోకి మారాము. ఎండ పొద్దున్నే గదిలోకి వచ్చేది, సముద్రపు గాలి ఇటు నుంచి అటు దూసుకుపోయేది. జనవరిలో ఒక రాత్రి మెలకువ వచ్చి, అలవాటుగా ఆమె ఊపిరి కోసం చెవి ఒగ్గాను. పిల్లికూతలు లేవు. ఆమె వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. రాత్రిపూట కూడా సాధారణంగా ఇరవై డిగ్రీలకు తగ్గని ఆ ఊరికి నేను నిజంగా రుణపడ్డాను.

అయితే వానలు ఆగడమంటే నీళ్లు తగ్గడమే. ఊరికి ప్రధాన ఆధారం ధనిఖరి జలాశయం. వేసవి దగ్గరపడే కొద్దీ అందులో నీరు అడుగంటుతుంది. మాకు జనవరిలో రెండు రోజులకోసారి, మార్చిలో మూడు రోజులకోసారి కుళాయి వచ్చేది. వచ్చిన ఆ కాసేపట్లో డ్రమ్ములు, బిందెలు నింపుకోవాలి; అరవై దాటిన చేతులతో మెట్ల మీదుగా బిందెలు మోయడం కష్టం. అందుకే రెండో ఏడాది నుంచి ఇల్లు చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, సంపు ఎంత లోతు, మోటారు ఉందా అన్నది. సముద్రం కనిపించే ఇల్లు కంటే సంపు ఉన్న ఇల్లు మేలు. కూరగాయల్లోనూ చాలావరకు ఓడ మీద రావలసిందే కనుక, ఓడ ఆలస్యమైన వారం చేపలతో, స్థానికంగా దొరికే ఆకుకూరలతో సరిపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాము.

బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని మొదటి ఏడాది అక్కడి నుంచే ఇచ్చాను. ఉద్యోగంలో ఉండగా ఎంతోమంది పింఛనుదారులకు దగ్గరుండి చేయించినవాణ్ణే అయినా, నా వంతు వచ్చేసరికి వేలిముద్ర పడలేదు. 2021 నుంచి ముఖాన్ని గుర్తించే పద్ధతి ఉంది కదా అని ఫోనులో ప్రయత్నిస్తే, మబ్బు వెలుతురులో మూడుసార్లు తిరస్కరించింది. కిటికీకి ఎదురుగా, తెల్లగోడ ముందు నిలబడితే నాలుగోసారికి పూర్తయింది. ఇప్పుడు ఆ పని ఆదిలాబాద్‌లోనే ముగించుకుని, నాలుగు నెలలకు సరిపడా ఇన్‌హేలర్లు, డాక్టరు చీటీ నకళ్లు సర్దుకుని, డిసెంబరు రెండో సగంలో విమానంలో వెళుతున్నాము. మార్చి నెలాఖరున తిరిగి వస్తాము.

దేశమంతటికీ ఒకటే గడియారం కావడం వల్ల, బాగా తూర్పున ఉన్న ఆ ద్వీపాల్లో డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. నా భార్య నడక తెల్లవారుజాముకు మార్చుకుంది. మొదట్లో వంద అడుగులకు ఒకసారి ఆగేది. ఇప్పుడు మెరీనా పార్కు గట్టు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, అక్కడ కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది.